పాలపిట్ట: జల్లెడ పట్టిన దుమ్ము

పోయిన వారం సబాను దుమ్ముగది ముందు నిలబెట్టి, ఆమె చూపును ఒక సంచి మూతికి కట్టేసి మనం హాయిగా ఇళ్లకు వచ్చేశాం. పాపం ఆ అమ్మాయి వారం నుంచీ అక్కడే ఉంది. ఇక కదిలిద్దాం. అయితే ఈ వారమే మనతో కలిసినవారికి ముందు నాలుగు ముక్కలు చెప్పాలి.

శివశంకర్‌ది తాతల నాటి నుంచీ తాండూరులో కందుల వ్యాపారం చేసిన కుటుంబం. ఆయన మాత్రం వికారాబాద్‌లో కార్ఖానా పెట్టి, పప్పుమిల్లుల మిషన్లకు సామాన్లు చేస్తూ చేస్తూ, ఉన్నట్టుండి ఒకరోజు సైన్యానికి తుపాకీ చేసి ఇస్తానన్నాడు. విన్నవాళ్లందరూ నవ్వారు. నవ్వకుండా ఉద్యోగం అడిగింది ఒక్క సబా. తాండూరులో బండల పాలిష్ కార్ఖానా నడిపే ముర్తుజా కూతురు. తూటా పేలిన ప్రతిసారీ తుపాకీ లోపల వెనక్కీ ముందుకూ ఉరికే ఇనుప ముక్కను బోల్టు అంటారు. అది కదిలితేనే తుపాకీ, లేకపోతే కర్ర. ఆ బోల్టును గీసింది సబా, చేయించింది సబా, దాని గురించి అన్నం దగ్గర కూడా మాట్లాడి అందరినీ విసిగించింది సబా. పొట్టిగా, నీలం పూతతో ఉంటుంది కాబట్టి కార్ఖానాలో ఆ తుపాకీకి పాలపిట్ట అని పేరు పడింది.

సైన్యం కొనాలంటే ముందు పరీక్షలు నెగ్గాలి. పరీక్షల బోర్డుకు పెద్ద మేజర్ ప్రియదర్శిని. కోట్‌పల్లి దారిలో గుట్టల నడుమ ఉన్న ఫైరింగ్ రేంజిలో పాలపిట్టను నీళ్లలో ముంచారు, బురదలో పొర్లించారు, మేడ మీది నుంచి పడేశారు. ప్రతిసారీ దులుపుకుని లేచి టపటపా పేలింది. పోటీలో ఉన్న రెండో కంపెనీ తుపాకీ కూడా అలాగే లేచింది. మిగిలింది దుమ్ము పరీక్ష. ఇనుప గదిలో తుపాకీని పెట్టి, పంకాలతో మెత్తటి రాతిదుమ్మును దాని మీదికి ఊదుతారు. బయటికి తీసి, పైపైన తుడిచి, పేల్చి చూస్తారు. పాలపిట్ట కొంచెంసేపు బాగానే పేలింది. వేడెక్కాక బోల్టు బిగుసుకుపోయింది.

మేజర్ ఇంకొక్క అవకాశం ఇచ్చింది, అదీ ఎల్లుండే. మళ్లీ ఆగితే పాలపిట్టకు సెలవు. శివశంకర్ తుపాకీల విభాగం మూసేసి మళ్లీ పప్పుమిల్లుల వైపు తిరుగుతాడు. సబా చేసిన ఇన్నేళ్ల పని తుక్కు సామాన్లలో చేరుతుంది.

సరిగ్గా అప్పుడు ఆమె కళ్లు దుమ్ముసంచి మూతి మీద పడ్డాయి. దానికి కట్టిన గుడ్డపేలిక నీలం రంగుది, మీద తెల్లటి మల్లెమొగ్గలు. అది తను ఇంటర్ చదివేటప్పుడు దాది, అంటే నాయనమ్మ, కుట్టి ఇచ్చిన కుర్తా గుడ్డ. అంటే పాలపిట్ట గొంతులో పడిన దుమ్ము తన ఇంటి నుంచే వచ్చింది.

తెల్లవారి సబా తాండూరు బస్సెక్కింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టు కొడుతున్నప్పటి నుంచీ ఆ బస్సులో నిలబడే చోటు దొరకడమే భాగ్యం. కందిచేల మధ్య బస్సు ఊగుతూ పోతుంటే, ఒక పెద్దమ్మ మోచేయి పక్కటెముకల్లో దిగుతున్నా సబాకు తెలియలేదు. ఆమె మనసంతా బిగుసుకున్న బోల్టు దగ్గరే ఉంది. విప్పి చూసినప్పుడు లోపలి దుమ్ము వేలికి అంటుకుంది. రాతిదుమ్ము గుణం అది కాదు. పొడిగా ఉన్నంతసేపూ రాలిపోవాలి. ఇదేమో హల్వాలాగా ముద్దకట్టింది.

దారిలో శివశంకర్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆయనకు సబా సొంత కూతురి కిందే లెక్క, తిట్టినా ముద్దుచేసినా హద్దుండదు. ఇంటికెందుకు పోతున్నావని అడిగాడు. దాదికి బాగోలేదని సబా అబద్ధం చెప్పింది. ఫికర్ చెయ్యొద్దనీ, రేపు మనదే గెలుపనీ, మిర్చీలు తానే తెస్తాననీ ధైర్యం చెప్పాడు. మొన్న కూడా అంతే, పాలపిట్ట దుమ్ముగదిలోకి పోకముందే ఊరందరికీ సరిపడా మిరపకాయ బజ్జీలకు ఆర్డరిచ్చి కూర్చున్నాడు. చివరికి ఆ బజ్జీలు రెండో కంపెనీవాళ్లు తిన్నారు. ఫోన్ పెట్టేముందు, రేపు కూడా ఎవరు ముందో ఎవరు వెనకో మేజర్ చీటీలు తీస్తుందా అని రెండుసార్లు అడిగాడు. తనకు తెలియదని సబా రెండుసార్లు చెప్పింది.

తాండూరులో దిగి ఆటో పట్టుకుంది. పాలిష్ కార్ఖానాల వీధిలోకి తిరగగానే ఎప్పటిలాగే ముక్కు మూసుకుంది. రోడ్డు తెల్లన, చెట్లు తెల్లన, కట్టేసిన మేకలు తెల్లన. మిషన్ల కింది నుంచి బూడిదరంగు నీళ్లు కాలువ కట్టి పారుతున్నాయి. ఆ నీళ్ల మధ్య మోకాళ్ల దాకా లుంగీ ఎగ్గట్టి నిలబడిన ముర్తుజా కూతుర్ని చూసి మిషన్ ఆపించాడు. కార్ఖానా మొత్తం ఒక్కసారి చెవుడు పోయినట్టయింది. రేకుల నీడలో మంచం మీద కూర్చుని పాత బట్టలు చింపుతున్న దాది జహీరాబీ మనవరాలిని దగ్గరికి తీసుకుని, చిక్కిపోయావంది. ఆమె లెక్కలో సబా పుట్టినప్పటి నుంచీ చిక్కుతూనే ఉంది.

సబా కుశల ప్రశ్నలు దాటేసి, వికారాబాద్‌కు రాతిపొడి పంపింది నువ్వేనా అని తండ్రిని సూటిగా అడిగింది. ముర్తుజా ముఖం విప్పారింది. ఎప్పుడు అడుగుతుందా అని దాచుకున్న సంతోషమంతా ఒక్కసారి బయటికొచ్చింది. బోర్డు స్టోరు మనిషి తాండూరు వచ్చి, తుపాకులకు మెత్తటి రాతిపొడి రెండు సంచులు కావాలని బజార్లో అడుగుతుంటే తన చెవిన పడిందట. ఏ తుపాకులని కనుక్కుంటే, శివశంకర్ చేసిన తుపాకీ కూడా ఉందన్నాడట. ఇంకేముంది, పక్క కార్ఖానాలవాళ్ల మీదబడి ఆ ఆర్డరు లాక్కున్నాడు.

“నిజం చెప్పు అబ్బా, గా సంచిల ఏం కలిపినవ్?”

“ఏం కలుపుత బిడ్డా, మన మసాలనే.”

సబా మంచం అంచున కూలబడింది. మసాలా అంటే ఆ కార్ఖానా రహస్యం. బండకు ఆఖరి మెరుపు రావడానికి మెత్తటి రాతిపొడిలో మైనం తురిమి కలిపి రుద్దుతారు. ఎంత కలపాలో ముర్తుజాకూ అతని తల్లికీ తప్ప తెలియదు. ముర్తుజా బండలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని తాండూరులో పేరు.

“తుపాకులకు రాతిపొడి ఎందుకనుకున్నవ్?”

“ఎందుకేంది, పాలిష్‌కు. మిలిట్రోళ్లు బూట్లే అద్దం లెక్క మెరిపిస్తరు, తుపాకిని మెరిపియ్యరా?” అన్నాడు ముర్తుజా, ఇంత చదివిన పిల్లకు ఇది కూడా తెలియదా అన్నట్టు. “మామూలు పొడి రుద్దితె గీతలు పడ్తయ్. నీ చేతి సామాను మీద ఒక్క గీత గూడ పడొద్దని మల్ల మల్ల జల్లెడ వట్టిన. ఆఖరుకు దాది దుపట్టాల వడగట్టిన.”

పక్క నుంచి దాది, ఆ దుపట్టా ఇక దేనికీ పనికిరాకుండా పోయిందని కూడా తెలియజేసింది.

సబాకు తండ్రి మీద అరవాలనిపించింది. బస్సులో వస్తున్నంతసేపూ ఏమేం అరవాలో వరస పెట్టుకుంది కూడా. కానీ ఎదురుగా ఆ మనిషి కనురెప్పల మీద కూడా తెల్లపొడితో నిలబడి, మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు. తను ఏం పని చేస్తుందో అతనికి ఎప్పుడూ సరిగా చెప్పలేదు. చెప్పకూడదని రూలు. చెప్పకపోయినా తన కోసం పాపం ఒళ్లు వంచి దుమ్ము వడగట్టాడు. ఆమెకు ముందు నవ్వు వచ్చింది, ఆ వెనకే ఏడుపు వచ్చింది. రెండూ కలిసి వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె మొహం.

తర్వాత మెల్లగా చెప్పింది. ఆ పొడి పాలిష్‌కు కాదు. తుపాకీ మీద పోస్తారు. పోసి, అయినా పేలుతుందా లేదా అని చూస్తారు. ఎడారిలో ఇసుకగాలి కొట్టినా, సిపాయి మట్టిలో పాకినా తుపాకీ మొరాయించకూడదు కదా. మామూలు దుమ్ము అయితే పాలపిట్ట దులుపుకునేది. మైనం కలిసిన దుమ్ము తుపాకీ వేడికి కరిగి బోల్టును పట్టేసింది. సంచులు వచ్చిన రోజు బోర్డువాళ్లు పొడి మెత్తదనం చూసుకున్నారు, బ్రహ్మాండంగా ఉందనుకున్నారు. అందులో మైనం ఉంటుందని ఎవరికి తోస్తుంది?

ముర్తుజా జీవితమంతా దుమ్ము కడుక్కుంటూ బతికినవాడు.

“మంచి సామాన్ల దుమ్మెందుకు పోస్తరు బిడ్డా?” అన్నాడు. ఆ గొంతులో అంత బాధ ఉంది, తుపాకీ మీద కాదు తన మనవడి మీద పోశారన్నట్టు.

అయితే ముర్తుజా ఎక్కువసేపు దిగులుగా ఉండే రకం కాదు. లేచి లుంగీ బిగించాడు. ఇప్పుడే మైనం లేని మంచి పొడి ఇంకో సంచి నింపుతాననీ, ట్రాలీ ఆటోలో వేసుకుని పోయి, పొరపాటున వేరే సంచి వచ్చిందని స్టోరు మనిషికి నచ్చజెప్పి చడీచప్పుడు లేకుండా మార్చేసి వస్తాననీ చెప్పాడు. అదే పేలిక, అదే ముడి. ఎవరికీ అనుమానం రాదు. రేపు పాలపిట్ట పేలుతుంది, కథ సుఖాంతం.

సబా వెంటనే వద్దనలేదు. అంత మంచి పిల్ల అని నేను చెప్పను. ఆమెకు ఆ మాట తేనెలాగా ఉంది. ఎవరికీ నష్టం లేదు. తన తుపాకీలో తప్పు లేదని తనకు తెలుసు. మార్చేస్తే న్యాయమే జరుగుతుంది, కాకపోతే దొడ్డిదారిన జరుగుతుంది. మేజర్‌కు చెబితే మాత్రం ఏమవుతుందో కూడా తెలుసు. పరీక్షల్లో వాడే ఏ వస్తువూ తుపాకీ చేసినవాళ్ల నుంచీ, వాళ్ల ఇళ్ల నుంచీ రాకూడదు. వచ్చిందని తేలితే తుపాకీని అక్కడికక్కడే పక్కన పెట్టేయొచ్చు. ఆ రూలు చదివి సంతకం చేసినవాళ్లలో సబా కూడా ఉంది.

“చెప్తె ఎల్లగొడ్తరా?” అన్నాడు ముర్తుజా.

“ఎల్లగొట్టొచ్చు.”

“చెప్పకపోతే?”

“రేపు మల్ల ఆగుతది.”

“సంచి మార్చితె?”

“మార్చితె గెలుస్తం,” అంది సబా. “గని రేపు గా తుపాకి పట్టుకొని సరిహద్దుల నిలవడే పిల్లగానికి నేనేం చెప్పాలె అబ్బా? పరీక్ష మంచిగనే జరిగింది, సంచి మాత్రం మా నాన్న మార్చిండని చెప్పాల్నా?”

ముర్తుజా కూతురి మొహం వైపు చూసి లోపలికి పోయాడు. వచ్చేసరికి రంజాన్‌కు కుట్టించుకున్న తెల్ల కుర్తా తొడిగి, అత్తరు పూసుకుని ఉన్నాడు. తప్పు తను చేశాడు కాబట్టి ఒప్పుకునేది కూడా తనేనట, అందులో కుదిరినంత శుభ్రంగా ఒప్పుకుంటాడట. జహీరాబీ రూపాయి బిళ్లను గుడ్డలో చుట్టి, దువా చదివి, సబా కుడి జబ్బకు ఇమామ్ జామిన్ కట్టింది. ప్రయాణం పోయేవాళ్లు క్షేమంగా తిరిగి రావాలని కట్టే రక్ష అది. గుడ్డ మళ్లీ అదే, నీలం మీద మల్లెమొగ్గలు. ఆ కుర్తా ఇంకా ఎంత మిగిలిందే అని సబా అడిగితే, నీ పెళ్లి దాకా వస్తుందిలే అంది దాది.

రేంజికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రేకుల షెడ్డు కింద బల్ల ముందు కూర్చుని మేజర్ ప్రియదర్శిని టీ తాగుతోంది. గుంటూరు వైపు మనిషి. పొడుగ్గా, తక్కువ మాటలతో, నవ్వితే ఎక్కడ ఖర్చయిపోతుందో అన్నట్టు ఉంటుంది. నవ్వు సంగతి అలా ఉంచితే, న్యాయం విషయంలో ఆమెను వేలెత్తి చూపినవాళ్లు లేరు.

సబా నిలబడే మొదలుపెట్టింది. నీలం పేలిక దగ్గర నుంచి దుపట్టా దాకా ఏదీ దాచకుండా, ఏదీ తన వైపు వంచకుండా చెప్పేసింది. మధ్యలో ముర్తుజా రెండుసార్లు అడ్డుపడి తప్పంతా తనదేనన్నాడు. మూడోసారి అడ్డుపడబోతే మేజర్ చేయి ఎత్తింది, ఆగిపోయాడు.

చివరి దాకా విని, ఆమె మొన్న బోల్టులోంచి తీసి పెట్టిన దుమ్మును తెప్పించి, చిటికెడు తీసి వేడి టీ గ్లాసు అంచుకు రాసింది. కాసేపటికి అది మెత్తబడి అంటుకుంది. గోటితో గీకినా పూర్తిగా రాలేదు.

“మీరు ఈ విషయం నాకు చెప్పకుండా ఉండొచ్చు.”

“ఉండొచ్చు మేడమ్.”

“చెప్పినందుకు మిమ్మల్ని పరీక్షల నుంచి తీసేసే హక్కు నాకుంది.”

“తెలుసు మేడమ్.”

మేజర్ గ్లాసు పక్కన పెట్టింది. తీసేస్తుందో లేదో చెప్పకుండా, అంతకంటే పెద్ద బాంబు వేసింది.

“రెండో కంపెనీ తుపాకీకి వాడింది కూడా మీ తాండూరు దుమ్మే. మీ నాన్నగారు పంపిన రెండో సంచి. ఒకే మనిషి పంపిన, ఒకే రకం దుమ్ము. అది ఒక్కసారి కూడా ఆగలేదు, సబా. దీనికి మీ సమాధానం ఏమిటి?”

పొద్దుటి నుంచీ మైనం మీద మోపిన నేరమంతా తిరిగొచ్చి సబా బోల్టు మీదనే కూర్చుంది. రెండు సంచుల్లోనూ మైనం ఉండి, అవతలి తుపాకీ పేలిందంటే లోపం తన పనిలోనే ఉంది. సంచి మార్చి ఉంటే ఆ లోపమున్న తుపాకీని సిపాయి చేతికి ఇచ్చి ఉండేది. తప్పు తనదైతే ఒప్పుకోవాలి, అంతే. నోరు తెరవబోయింది.

అంతలో ముర్తుజా ఆ రెండో సంచి ఒకసారి చూడొచ్చా అని అడిగాడు. తన పొడి అంటుకోకుండా ఉండటమేమిటని ఆయన బాధ. కూతురు గెలవాలి, కానీ ఎవరో వచ్చి ముర్తుజా మసాలా పని చేయలేదంటే మాత్రం ఎలా ఊరుకుంటాడు? మేజర్ ఒక క్షణం ఆలోచించి, తాళంచెవి తీసుకుని లేచింది.

దుమ్ముగది పక్క స్టోరులో రెండు సంచులు గోడకు ఆనుకుని ఉన్నాయి. పాలపిట్టకు వాడిన సంచి మూతికి నీలం పేలిక. రెండో కంపెనీ తుపాకీకి వాడిన సంచి మూతికి గోధుమరంగు సుతిలి, జనపనార తాడు.

ముర్తుజా వంగి చూసి, లేచి, మళ్లీ వంగి చూశాడు.

“ఇది మాది గాదు మేడం. రెండింటికీ మా అమ్మనే గుడ్డ కట్టింది.”

మేజర్ స్వయంగా సుతిలి విప్పి లోపల చేయి పెట్టింది. పిడికిలి తెరిచి చూపించింది. తెల్లగానే ఉంది కానీ దుమ్ము కాదు, ఉప్మా రవ్వంత గరుకైన ఇసుక. కడిగి ఆరబెట్టినట్టుంది. పంకాలు ఎంత ఊదినా అది ఎగరదు, ఎగిరినా తుపాకీలో దూరదు, దూరినా రాలిపోతుంది. దాని నుంచి బయటపడటానికి మంచి తుపాకీయే కానక్కర్లేదు.

సబాకు ప్రాణం లేచి వచ్చింది. తన బోల్టులో లోపమున్నట్టు తేలలేదు. పోటీ తుపాకీకి అసలు పరీక్షే జరగలేదు. తను మేజర్‌కు చెప్పకుండా ఊరుకుని ఉంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు. ఆమెకు మేజర్‌ను కావలించుకోవాలనిపించింది. కానీ మేజర్ అందుకు వీలుగా ఉండే మనిషి కాదు.

మేజర్ కనుబొమలు ముడిపడ్డాయి. తనలో తను మాట్లాడుకున్నట్టు ఒక్కొక్క మాటే అంది. ముందు అనుకున్న వరస ప్రకారం ఈ సుతిలి సంచి పాలపిట్టకు, పేలిక సంచి రెండో తుపాకీకి. కానీ ఎవరినీ నమ్మకూడదని, ఆ ఉదయం అప్పటికప్పుడు చీటీలు తీసి తానే వరస తారుమారు చేసింది. అంటే ఇసుక సంచి పెట్టినవాడు రెండో కంపెనీ కోసం పెట్టలేదు.

పాలపిట్ట కోసం పెట్టాడు.

సబా లోపల ఒక్కొక్కటే కలుస్తూ వచ్చాయి. గదిలోకి పోకముందే ఆర్డరిచ్చిన బజ్జీలు. రేపు కూడా చీటీలు తీస్తుందా అన్న ప్రశ్న, అదీ రెండుసార్లు. వద్దు, అది కాకూడదు అనుకుంది. తుపాకీ చేసినవాళ్లే పరీక్ష సామాను మార్చారని తేలితే ఇక రూలు కూడా చూడక్కర్లేదు, పాలపిట్ట పని అక్కడితో సరి.

ఈలోగా ముర్తుజా, ఎవరూ అడగకపోయినా, సుతిలి చేతికి తీసుకున్నాడు. తాండూరులో పుట్టి పెరిగినవాడికి ముడి చూస్తే సరకు తెలుస్తుంది. “బండలోళ్లు గుడ్డ కట్టి లోపలికి దోపుతరు మేడం. గిట్ల రెండు దిక్కుల చెవులు తీసి, నడుమ మెలేసి కట్టేది కందులోళ్లు. మార్కెట్ యార్డుల ప్రతి సంచికి గిదే…”

అక్కడ ఆగిపోయాడు. ఆగి కూతురి వైపు చూశాడు. కందులవాళ్ల ఇంట్లో పుట్టి ఈ రేంజిలో తిరిగేది ఎవరో ఆయనకూ అప్పుడే గుర్తొచ్చింది. పొద్దున తను చేస్తానన్న పనే ఇంకొకడు తనకంటే ముందే చేసేశాడని కూడా తెలిసింది. ముర్తుజా ముఖంలో కోపం లేదు, సిగ్గు ఉంది.

“కందులవాళ్లా? ఇక్కడ కందులవాళ్లు ఎవరున్నారు?” అంది మేజర్.

సబా చేయి జబ్బ మీది ఇమామ్ జామిన్ దగ్గరికి పోయింది. సరిహద్దులోని పిల్లగాడికి ఏం చెప్పాలని తండ్రిని నిలదీసింది ఇవాళ పొద్దుననే. అప్పుడు ఆ మాట ఎంత సులువుగా వచ్చింది. నవ్విన ఊరి ముందు తన చేతికి ఉద్యోగం ఇచ్చిన మనిషి పేరు ఇప్పుడు నోటి దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది.

బయట కారు తలుపు పడిన చప్పుడు. వెంటనే గుట్టలకు వినపడేంత గొంతు.

“ఏడ ఉన్నరమ్మా అందరు? రేపటి దాక ఆగబుద్ధి గాలే, వేడి వేడి మిర్చీలు ఇయ్యాల్నే తెచ్చిన, చల్లారుతున్నయ్!”

శివశంకర్ నవ్వు మొహంతో స్టోరు గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో పెద్ద పొట్లం, పేపరులో నుంచి నూనె దిగి ఘుమఘుమలాడుతోంది. ముర్తుజాను చూసి సలాం పెట్టాడు, కుర్తా బాగుందన్నాడు. మేజర్‌కు ముందుగా ఇవ్వడం మర్యాద కాబట్టి పొట్లం నేరుగా ఆమె చేతిలో పెట్టాడు. తోవలో చల్లారకుండా స్వయంగా తానే గట్టిగా కట్టానని, విప్పడం జర కష్టమని కూడా చెప్పాడు.

మేజర్ చూపు గోడ దగ్గరి సంచి మీదనే ఉంది. చూడకుండానే పొట్లం విప్పబోయింది. ఆమె వేలికి సుతిలి తగిలింది. తర్వాత ఒక చెవి తగిలింది. రెండో వైపు ఇంకో చెవి తగిలింది.

ముడి మీద ఆమె వేళ్లు ఆగిపోయాయి.